అమ్మితే తప్పు, తొడుక్కుంటే కాదు

కాలిఫోర్నియాలో 2023 జనవరి 1 నుంచి కొత్త ఫర్ కోటు అమ్మకూడదు. తొలిసారి దొరికితే 500 డాలర్ల దాకా జరిమానా. బీరువాలో ఉన్న మింక్ కోటును మాత్రం నిక్షేపంగా తొడుక్కుని వీధంతా తిరగొచ్చు. వాడిన సరుకైతే సెకండ్ హ్యాండ్ షాపులో అమ్ముకోవచ్చు కూడా!

మింక్, నక్క లాంటి జంతువుల బొచ్చుకు నిషేధం. బొచ్చుతో ఉన్న గొర్రె చర్మానికి, ఆవు తోలుకు మినహాయింపు. గొర్రెను ఎలాగూ తింటాం కదా అని కాబోలు.

పక్కనున్న నెవాడాకు కారేసుకెళ్లి కొనుక్కొచ్చుకుంటే అడిగేవాడు లేడు. మన దేశంలో షాతూష్ శాలువా అమ్మితే ఏకంగా జైలే. ‘చిరు’ అనే జింకను చంపితే గానీ ఆ శాలువా ఉన్ని రాదు మరి.

నన్నడిగితే, 500 డాలర్లు ఆ కోట్ల వ్యాపారికి చిల్లర ఖర్చు.