అయిదు తీగల మాండొలిన్‌కి పికప్

మార్చి 8, నోయిడా

మాస్టారి మాండొలిన్ బల్లమీదికి వచ్చింది. అయిదూ ఒంటి తీగలే. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ వేసిన బాట. 1978లో, తొమ్మిదేళ్ళ వయసులో గుడివాడలో తొలి కచేరీ చేసిన మనిషి. జంట తీగలు వదిలి ఒంటి తీగలకు వచ్చాకే ఈ వాయిద్యానికి గమకం పట్టుబడిందని నా నమ్మకం.

ఆ గమకమే గిటార్ పికప్‌కి పడదు. అందులో తీగకొక అయస్కాంతపు కడ్డీ. తీగను పక్కకి లాగితే కడ్డీ మీదనుంచి జరిగి నాదం సన్నబడుతుంది. కొలతా కుదరదు: పాత స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో ఆరు కడ్డీల మధ్య మొత్తం 52 మిల్లీమీటర్లు, ఇక్కడ అయిదు తీగలూ 38లో ఉన్నాయి. కడ్డీలు వద్దు. అన్ని తీగల కిందా నిలువుగా ఒకే ఉక్కు పట్టీ పెడదాం.

మార్చి 15, భగీరథ్ ప్యాలెస్

ఇవాళ ఈ బజారుకి, కాయిల్ చుట్టే రాగి తీగ కోసం. పికప్‌ల వాళ్ళు చెప్పే 42 గేజ్ అమెరికాది, 0.063 మిల్లీమీటర్లు. ఇక్కడ నంబరంటే బ్రిటిష్ గేజ్. అందులో 42 అంటే 0.1. అది చుడితే బాబిన్ నిండుతుంది గానీ చుట్లు సగమైనా పట్టవు. మనకి దగ్గరది 46. అందుకే మిల్లీమీటర్లలో అడగాలి, మైక్రోమీటరు జేబులో ఉండాలి. "మోటారుకా, రిలేకా?" అన్నాడు కొట్టు పెద్దాయన. మాండొలిన్‌కని చెబితే, తెరవని చుట్ట తీసి ఇచ్చాడు.

మార్చి 29, ఓఖ్లా

బాబిన్ పై రేకు, కింది రేకు ఫైబర్ షీట్‌లో కోయించాను. లేజర్ వద్దన్నాను, అంచు మాడుతుంది. వెంట్రుక కంటే సన్నని తీగ ఆనే చోట మసి ఉండకూడదు. రౌటర్ కోత బాగుంది. మూలలు గరుకు కాగితంతో నేనే గుండ్రం చేశాను.

ఆల్నికో అయస్కాంతం మాత్రం మొండిది. రంపానికి లొంగదు, పెళుసు. నీళ్ళు పోస్తూ రాయిమీద అరగదీయాల్సిందే.

కాయిళ్ళు రెండు. కరెంటు పోయి చవక ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ఒంటి కాయిల్ పెట్టే రొద విన్నాక ఇక ఆలోచించేదేముంది? గిబ్సన్‌లో సేత్ లవర్ 1955లో పేటెంట్‌కి పెట్టిన ఉపాయమే: రెండో కాయిల్‌కి చుట్టే దిశా, ధ్రువమూ రెండూ ఎదురు. రొద రొదతో కొట్టుకుపోతుంది, నాదం నాదంతో కలుస్తుంది. ఎన్నిసార్లు తలచుకున్నా ఎంత అందమైన ఆలోచన!

జూన్ 7, నోయిడా

గదిలో 40 డిగ్రీలు. చలికాలంలో, 20 డిగ్రీల దగ్గర, 6 కిలో ఓమ్‌లు చూపే కాయిల్ ఈ వేడికి దాదాపు 6.5 చూపిస్తుంది. రాగి గుణం అది. కాయిల్‌లో ఒక్క చుట్టూ పెరగలేదు. ఈ అంకె చూసి పికప్ బలం నిర్ణయించడం తప్పు. చుట్లు, అయస్కాంతం, పట్టీ, అన్నీ కలిస్తేనే బలం.

సాయంత్రం మాస్టారు తోడి వాయించారు. గాంధారం ఊగింది, ఎక్కడా తెగలేదు. "అయిదో తీగ మిగతావాటిని తొక్కేస్తోందండీ" అన్నారు. నిజమే, లావు తీగ. పట్టీకి తీగ తీగకీ ఎత్తు సవరించే స్క్రూలుండవు కాబట్టి దాని పై అంచునే మంద్రం వైపు వాలుగా అరగదీయాలి. ముందు అర మిల్లీమీటరుతో చూస్తాను. సోమవారం ఓఖ్లాకి గీసి పంపాలి.