ఉంగరాల జుట్టుకు ఓపిక

వానాకాలం వచ్చిందంటే ఇల్లందు గాలిలో తేమ పెరుగుతుంది, నా ఉంగరాల జుట్టు ఉబ్బి లేస్తుంది. కారణం తెలిశాక దాని మీద కోపం పోయి ప్రేమ కలిగింది. వెంట్రుక పుట్టే కుదురు గుండ్రంగా కాక కోలగా ఉంటే జుట్టు మెలి తిరుగుతుంది. కుదుళ్ల దగ్గర ఊరే జిడ్డు ఆ మెలికలు దాటి కొసలదాకా చేరదు. ఎండిపోయిన కొసలు గాలిలో తేమను తాగి రేగుతాయి. అంటే ఇది అడుగుతున్నది కాస్త తడి, కాస్త ఓపిక.

1889లో బొగ్గు తవ్వకం మొదలైన ఊరు మాది. దుమ్ము తలకెక్కడం మామూలే. అలాగని రోజూ షాంపూ రుద్దితే ఉన్న జిడ్డు కూడా పోతుంది. కుంకుడుకాయలో నురగనిచ్చే సపోనిన్లూ మురికితోపాటు జిడ్డును లాగేస్తాయి. అందుకే రసం పలచగా తీసి కుదుళ్లకే పట్టిస్తాను. ఆపైన మందారాకు జిగురు రాసి, తడి ఆరకముందే వేళ్లతో, తర్వాత ఎడం పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీస్తాను. అవిసె గింజలు ఉడికించి వడకట్టిన జిగురు కొద్దిగా రాసి, ఉంగరాలను గుప్పిట పట్టి పైకి నొక్కి వదులుతాను. తువ్వాలుతో రుద్దను, పాత నూలు చీర ముక్కతో అద్దుతాను.

వేడి ఇస్త్రీతో సాపు చేసిన జుట్టు తేమ తగలగానే మళ్లీ మెలి తిరుగుతుంది. పదేపదే వేడి పెడితే పెళుసెక్కుతుంది. పెళ్లిచూపులకైనా, ఫొటోకైనా ఆడపిల్లల జుట్టును దాని తీరున ఉండనిద్దాం. "చింపిరి జుట్టు" అనే మాట వాళ్ల చెవిన పడనీయకుండా చూసుకుందాం.