కీలు పూసిన ఓడ

నోవహు దేవునికి భయపడి ఓడ కట్టెనని హెబ్రీ పత్రికలో చదువుచున్నాము. పలకలకు ఇరువైపుల కీలు పూసెను. అది అవిశ్వాసమని ఎవరందురు?

పెన్నలో ఇసుకనే ఎరిగిన నాలుగేండ్ల మనుమరాలికి పాపికొండలు చూపుటకై గండిపోచమ్మ రేవునకు తీసికొనిపోతిని. గోదావరిని చూచి, "జేజినాయనా, ఈ నీళ్లన్నీ ఎవురివి?" అనెను. దేవునివని చెప్పితిని.

పడవవారిచ్చిన లైఫ్ జాకెట్టు పెద్దలది. బిడ్డ చేతులెత్తగానే తలమీదుగా ఊడివచ్చెను. చిన్నది తెచ్చువరకు ఎక్కనంటిని. "పాస్టరుగారికే విశ్వాసము చాలదా?" అని ఒకాయన నవ్వెను. 2019 సెప్టెంబరు 15న ఈ నదిలోనే, కచ్చులూరు వద్ద, పడవ మునిగి అనేకులు చనిపోయిరి. వారిలో ప్రార్థించినవారు లేరనగలమా?

చిన్న జాకెట్టు వచ్చెను. పట్టీలు నేనే బిగించితిని. నవ్వినాయన తన పట్టీలు సరిచూచుకొనుచుండెను.