గోడ ఆరేదాకా

సంస్కృతంలో ‘సుధ’ అనే మాటకు అమృతం అన్నది ఒక అర్థం, సున్నం అన్నది మరొక అర్థం. సుధతో పూత పెట్టినది కనుకనే మేడకు ‘సౌధం’ అనే పేరు వచ్చింది. తెలుగునాట సంక్రాంతికి ముందు ఇళ్ళకు సున్నాలు వేయడం ఒకప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి చేసుకొనే పని. సున్నం నానబెట్టి, తెల్లదనం కోసం చిటికెడు నీలిమందు కలిపి, రాలిపోకుండా కొంత బంక చేర్చి, కుంచెతో రెండు పూతలు పూస్తే ఇంటికి పండుగ కళ వచ్చేది. నేడు ఆ పని వృత్తినిపుణుల చేతికి వెళ్ళింది. సున్నం స్థానంలో ఎమల్షన్ రంగులు వచ్చాయి. పని పెరిగింది, అందులో కంటికి కనబడని భాగం మరింత పెరిగింది.

తెనాలిలో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు, కుమార్తె వివాహానికి ఇంకా నలభై రోజులు ఉందనగా రంగుల మేస్త్రీని పిలిపించారు. మేస్త్రీ వచ్చీ రాగానే రంగుల కార్డు విప్పలేదు. గదిగదీ తిరిగి గోడలను వేలి కణుపులతో తట్టి చూశాడు. బోలుగా మోగిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టాడు. స్నానాల గదిని ఆనుకొని ఉన్న గోడ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. అక్కడ నడుము ఎత్తున పాత రంగు పొక్కులు లేచి, వాటి కింద తెల్లగా చౌడు పూసి ఉంది. జేబులో నుంచి ఒక ప్లాస్టిక్ కాగితం తీసి, నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి, “రేపు చూద్దాం, మాస్టారూ” అని వెళ్ళిపోయాడు. మరునాడు ఆ కాగితం లోపలివైపు నీటి బిందువులు నిలిచి ఉన్నాయి.

“పెళ్ళి దగ్గర పడింది, మేస్త్రీ. పైన గట్టిగా పుట్టీ పట్టించి రంగు వేస్తే కప్పుకుపోదా?” అన్నారు మాస్టారు.

“పెళ్ళినాటికి కప్పుకుపోతుందండి. వానలు పడగానే మళ్ళీ లేస్తుంది. ముందు గొట్టం సంగతి చూడాలి. అంతవరకు ఈ గోడ నేను ముట్టుకోను” అన్నాడు మేస్త్రీ.

మాస్టారికి కోపం వచ్చింది. ఊరిలో మరో మేస్త్రీ దొరకడా అనుకొన్నారు. కాని చెప్పిన మాటలో శాస్త్రం ఉంది. సున్నపు పూత గాలిలోని కార్బన్ డయాక్సైడును గ్రహించి క్రమంగా రాయిలా గట్టిపడుతుంది; అయినా గోడలోని తేమను ఆవిరిగా బయటికి పోనిస్తుంది. ఎమల్షన్ ఎండితే పలుచని పొరగా మారుతుంది. తేమతో కలిసి వచ్చిన లవణాలు ఆ పొర వెనుక పేరుకొని దానిని బయటికి నెట్టివేస్తాయి. కారే గొట్టాన్ని బాగుచేయకుండా ఎంత ఖరీదైన రంగు పూసినా అది పుండు మీద పట్టుగుడ్డ కప్పడమే. గొట్టం మార్చారు. చౌడెక్కిన గచ్చును ఇటుక కనబడేదాకా చెక్కి కొత్తగా సిమెంటు పూశారు. అది తడిసి, గట్టిపడి, ఆరడానికి కనీసం నాలుగు వారాలు ఆగాలి. పచ్చి సిమెంటులోని క్షారం రంగును తినివేస్తుంది.

తక్కిన గదులలో పని మొదలయింది. గోడల పొడవు, ఎత్తు కొలిచి చదరపు అడుగులు లెక్కకట్టారు. తలుపులకు, కిటికీలకు లెక్క వేరు. సరుకు యజమాని కొని, మేస్త్రీ కూలి మాత్రమే తీసుకోవడం ఒక పద్ధతి. సరుకుతో సహా గుత్తకు ఇవ్వడం మరొకటి. రెండవ పద్ధతిలో తగవులు ఎక్కువ. ఎన్ని పూతలో ముందుగా రాసుకోకపోతే, రంగులో ఎంత నీరు కలిసిందో చూసేవారు లేకపోతే, రెండు పూతలు ఒకటిన్నర అవుతాయి. ఒక లీటరు ఎమల్షన్ నునుపైన గోడ మీద ఒక పూతకు సుమారు 100 నుంచి 140 చదరపు అడుగుల వరకు వస్తుంది. అంతకు మించి వచ్చిందంటే నీటిని అనుమానించాలి.

సామాను గది నడుమకు చేర్చి దుప్పట్లు కప్పారు. పాత సున్నాన్ని గీకడానికే నాలుగు రోజులు పట్టింది. పొడిసున్నం మీద పుట్టీ నిలవదు. కిటికీలకు ఉన్న పాత నూనె రంగును మేస్త్రీ తడిపి మరీ రుద్దించాడు. ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలను మించరాదని భారత ప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. అవి 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు పూసిన రంగులలో సీసం ఎక్కువగా ఉండవచ్చు. పొడిగా రుద్దితే లేచే దుమ్ము పసిపిల్లల మెదడుకు చేటు. రుద్దే కుర్రవాని ఊపిరితిత్తులను గురించి ఆలోచించే యజమానులు ఎందరో చెప్పలేము. ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మని అతనికి చెప్పింది మేస్త్రీయే.

తరువాత రెండు పూతల పుట్టీ, గరుకు కాగితంతో నునుపు చేయడం. చీకటి పడ్డాక మేస్త్రీ ఒక బల్బును గోడ పక్కగా ఆనించి పట్టుకొన్నాడు. పగటి వెలుగులో అద్దంలా కనిపించిన గోడ మీద గుంటలూ మిట్టలూ నీడలతో సహా బయటపడ్డాయి. వాటిని మళ్ళీ సరిచేశాడు. లేపాక్షి ఆలయ మండపం కప్పు మీద విజయనగర కాలపు చిత్రకారులు మొదట రాతికి సున్నపు గచ్చు పూసి, ఆ పైననే బొమ్మలు వేశారు. ఆ గచ్చు పట్టించిన వారి గురించి అడిగే యాత్రికులు అరుదు.

ప్రైమరు ఆరాక రంగు వంతు వచ్చింది. కార్డు మీద వేలెడంత కనిపించే రంగు గోడ నిండా పరచుకొంటే మరోలా ఉంటుంది. అందుకని పెళ్ళికూతురు మెచ్చిన మూడు రంగులనూ గోడ మీద మూరెడు మేర పూసి, ఉదయం ఒకసారి, దీపాల వేళ ఒకసారి చూపించాడు. ఆమె మొదట కోరినదాన్ని వదిలి మరొకటి ఎంచుకొన్నది. ముందు కప్పు, పిమ్మట గోడలు, చివర తలుపులు. ఒక గోడ మొదలుపెడితే నడుమ ఆపకూడదు; ఆపిన చోట గీత తేలుతుంది. వేరువేరు డబ్బాల రంగును ఒకచోట కలిపి వాడితే గోడకూ గోడకూ తేడా రాదు. బయట పరంజా కట్టి పైగోడలు పూర్తిచేయడానికి మరో వారం పట్టింది.

పెళ్ళినాటికి ఇల్లంతా కళకళలాడింది, ఆ ఒక్క గోడ తప్ప. బూడిదరంగు సిమెంటు కనబడకుండా అక్కడ బంతిపూల తెర వేలాడదీశారు. “రంగు చాలలేదా, బావగారూ?” అని వియ్యంకులు నవ్వుతూ అడిగితే మాస్టారు తల దించుకొన్నారు. మేస్త్రీ ఆ గోడ కూలిని లెక్కలోంచి తీసివేసి తక్కిన సొమ్మే పుచ్చుకొన్నాడు. మిగిలిన రంగు డబ్బాకు మూత బిగించి, మీద రంగు సంఖ్య రాసి అటక మీద పెట్టించాడు.

పెళ్ళయిన పదిహేను రోజులకు పిలవకుండానే వచ్చాడు. మళ్ళీ అదే ప్లాస్టిక్ కాగితం, అదే టేపు. మరునాటి ఉదయం మాస్టారే ముందుగా లేచి వెళ్ళి కాగితం ఒక అంచు విప్పి వేలితో తడిమి చూశారు. పొడిగా ఉంది. మేస్త్రీ వచ్చేసరికి ఆయన అటక మీది డబ్బాను దించి, గోడ పక్కన సిద్ధంగా పెట్టి ఉన్నారు.