నవాబుగారు చేసిన పనే నేనూ చేశాను!

మీ ఇంటి గోడకి ఏముంది? మా పద్మారావు నగర్ ఇంట్లో అయితే ఓ క్యాలెండరు, అత్తమామల ఫోటో, ఎప్పుడో జనరల్ బజార్లో కొన్న జలపాతం బొమ్మ. పదిహేనేళ్ళుగా చూస్తున్నా, ఆ నీళ్ళు ఏ వైపు పడతాయని అడిగితే చెప్పలేను.

కిందటేడు మా పై వాటా అమ్మాయి రెండు పటాలు పట్టుకొచ్చింది. ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. "ఆంటీ, కొన్నాళ్ళు మీ హాల్లో ఉంచి చూడండి, నచ్చితేనే తీసుకోండి" అంది. ఒకటి డాబా మీద ఎండబెట్టిన వడియాలు, పక్కన కాకి. రెండోది మోండా మార్కెట్లో బేరం లేక చెంపకి చెయ్యి ఆనించుకున్న కూరగాయలామె. చేతులు పెద్దవి, ఒళ్ళంతా ఇటుక రంగు. ఒక్కోటి నాలుగు వేలు.

కూరగాయలామెని పది రోజులు గోడకి పెట్టాను. "ఈవిడెవరని ఎవరైనా అడిగితే ఏం చెబుతావ్?" అన్నారు మావారు. "సోఫా కవర్లకి మ్యాచ్ కాలేదు వదినా" అంది మా ఆడపడుచు. నాకేమో నాలుగు వేలంటే రెండు నెలల పాలబిల్లు కళ్ళముందు కదిలింది. రెండూ తిరిగి ఇచ్చేశాను. "పర్లేదాంటీ" అంది గానీ, మెట్లెక్కుతూ మళ్ళీ నా వైపు చూడలేదు.

ఆ తర్వాత అమృతా షేర్‌గిల్ గురించి చదివాను. 1913లో బుడాపెస్టులో, అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో పుట్టింది. తల్లి హంగరీ ఆవిడ, తండ్రి సిక్కు. పారిస్‌లో చిత్రకళ నేర్చుకుని 1934లో మన దేశం వచ్చింది. 1936-37 దక్షిణదేశ యాత్రలో మన హైదరాబాదుకీ వచ్చింది. సాలార్‌జంగ్ నవాబుగారు ఆమె పటాలు కొన్నాళ్ళు తన దగ్గర ఉంచుకుని, చివరికి కొనకుండా తిప్పి పంపేశారట! మైసూరు మహారాజావారు కూడా ఈమెవి కాదని రవివర్మ చిత్రాలవైపే మొగ్గారట. 1941లో లాహోరులో, 28 ఏళ్ళకే ఆమె పోయింది. 1937లో వేసిన 'ది స్టోరీ టెల్లర్' పటం 2023లో వేలంలో 61.8 కోట్లు పలికింది.

నేను ఆగిపోయింది కోట్ల దగ్గర కాదండీ, 'ఉంచుకుని తిప్పి పంపేశారు' అన్న దగ్గర. మా పై వాటా అమ్మాయి అంతటిది అవుతుందని కాదు. ఆ పది రోజులూ అంట్లు తోముకున్నాక మధ్యాహ్నం టీ తాగుతూ ఆ కూరగాయలామె ఎదురుగానే కూర్చున్నాను. ఆవిడ అలసట నాకు తెలిసినదే. అందరి అభిప్రాయమూ అడిగాను, నా అభిప్రాయం ఒక్కటే అడగలేదు.

చీటీ డబ్బులు రాగానే పైకి వెళ్ళాను. "అది లేదాంటీ. కాలేజీ పనికి కొత్త కాన్వాసు కొనలేక దానిమీదే వేరేది వేసేశాను" అంది. నోట మాట రాలేదు. వడియాల పటం తెచ్చుకున్నాను.

మీరూ కొనాలనుకుంటే నేను నేర్చుకున్నవి చెబుతాను. భూతద్దంతో చూస్తే అచ్చు బొమ్మలో సన్నని చుక్కలు కనిపిస్తాయి. చేత్తో వేసినదాన్ని పక్కనుంచి వెలుతురులో చూస్తే కుంచె గీతలు, రంగు మందం తెలుస్తాయి. అచ్చు బొమ్మ మీద జిగురు పూసి గీతలు తెప్పించేవాళ్ళూ ఉన్నారు, అందుకని వేసినవాళ్ళ దగ్గరే కొనడం మేలు. వెనకాల పేరు, సంవత్సరం, సంతకం పెట్టించుకోండి. ఎండ పడే గోడ, చెమ్మ గోడ, పోపు జిడ్డు చేరే వంటింటి గోడ వద్దు. తడిగుడ్డ అస్సలు తగలనివ్వకండి, మెత్తని పొడి కుంచెతో దులిపితే చాలు.

ఇప్పుడు వచ్చినవాళ్ళు "ఇదెక్కడ కొన్నారు?" అని అడుగుతారు. పై వాటా వైపు చెయ్యి చూపిస్తాను. మీ వీధిలోనూ అలాంటి పిల్ల ఉండే ఉంటుంది. నచ్చితే ఆలస్యం చెయ్యకండి. ఆ కూరగాయలామె కోసం కొట్టిన మేకు మా హాల్లో ఇంకా అలాగే ఉంది.