చలనచిత్ర రచనయు లక్షణగ్రంథములును

విద్య యేదైనను గురుముఖముననే నేర్వవలయు నని పెద్దలు చెప్పుదురు. గురువు దొరకనివాని గతి యేమి? చలనచిత్రములకు కథలు వ్రాయ నెంచిన యువకునకు ఈ ప్రశ్న తప్పదు. హైదరాబాదున నొక రచయితకడ సహాయకుడుగా నిలువవలయునన్న పరిచయము కావలయును. సంపాదన లేక కొన్నియేండ్లు బ్రదుకగల స్తోమత కావలయును. ఈ రెండును లేని బీదవానికి పుస్తక మొక్కటే గురువు. కావున అట్టివానిని జూచి, "గట్టున గూర్చుండి యీత నేర్చుచున్నాడు" అని పరిహసించుట నాకు న్యాయముగ దోపదు.

నా పూర్వవిద్యార్థి యొకడు అట్టి పుస్తకము నొకదానిని దెచ్చి, అందలి యాంగ్లమును బోధపఱుపుడని కోరెను. అది సిడ్ ఫీల్డ్ అను అమెరికా దేశీయుడు 1979లో ప్రకటించిన 'స్క్రీన్‌ప్లే'. అందలి మతము సుబోధము. వ్రాతలో నొక పుట తెరపై నొక నిమిషము. కథ 120 పుటలు. మొదటి 30 పుటలలో ప్రస్తావన, నడిమి 60 పుటలలో సంఘర్షణము, తుది 30 పుటలలో పరిష్కారము. ఒక భాగమునుండి మఱియొక భాగమునకు కథను మరల్చు మలుపులు రెండు.

దానిని చదువుచుండగా ధనంజయుని దశరూపకము నాకు స్మృతికి వచ్చెను. పదవ శతాబ్దమునాటి యా గ్రంథము ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని కార్యమునకు 5 అవస్థలను, 5 సంధులను, 64 సంధ్యంగములను జెప్పినది. నాయకుడు దేనినో కోరును, దానికై యత్నించును, అది చేజిక్కునో చిక్కదో యను సందేహమే ప్రేక్షకుని కట్టివేయును. దేశకాలములు వేఱైనను ఇరువురు చెప్పినదియు నిదియే.

మనవారు ముందే చెప్పిరని గర్వించుటకై నే నిది వ్రాయుట లేదు. లక్షణగ్రంథముల వలని యపాయమును గూడ మనవారే చెప్పిరి, గ్రహింపవలసిన దది. వేణీసంహార నాటకము ద్వితీయాంకమున భట్టనారాయణుడు విలాసమను సంధ్యంగమును జొప్పించెను. ఘోరయుద్ధము నడుమ దుర్యోధనుని శృంగార మేల? భరతుని మతమును పాటింపవలయునను కోరికయే గాని, అది రసమున కనుకూలము కాదని తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున నాక్షేపించెను. ముప్పదవ పుట వచ్చినదిగదా యని మలుపు నతికించు నేటి యువకునకును ఈ యాక్షేపణమే చెల్లును. అదియుగాక ఆ 120 పుటల లెక్కలో విశ్రాంతికి చోటు లేదు. మన చిత్రకథ నడుమ నొకమాఱు ఆగి, లేచిపోయిన ప్రేక్షకుని మరల కుర్చీకి రప్పింపవలయును.

అట్లని పుస్తకమును పాఱవేయవలదు. సూత్ర మొకటి చదివి, పుస్తకము మూసి, మంచి చిత్ర మొకటి చూడవలయును. పాత్రల కోరికలను మాటలతో జెప్పక కంటికి జూపవలయునని గ్రంథము చెప్పును. ఆ వాక్యము నా శిష్యునకు కంఠస్థమయ్యెను గాని హృదయస్థము కాలేదు. అంతట 1957లో కె. వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన 'మాయాబజార్'ను ఇరువురము చూచితిమి. ఎవరికి ప్రియమైనది వారికి జూపు ప్రియదర్శినిలో శశిరేఖకు అభిమన్యుడు, బలరామునకు దుర్యోధనుడు, రేవతికి నగలు కనబడును. ఒక్క పెట్టె మూత తీయగనే రానున్న కలహమంతయు మన కన్నుల యెదుట నిలిచినది. శిష్యుడు మఱి వ్యాఖ్యానము కోరలేదు.

శక్తి, నైపుణ్యము, అభ్యాసము, ఈ మూడును కలిసియే కావ్యమునకు హేతువని మమ్మటుడు చెప్పెను. శక్తి యొకరిచ్చునది కాదు. నైపుణ్యమున కొంత పుస్తకము వలన గలుగును. అభ్యాసమునకు మాత్రము తెలిసినవారి శిక్షణము కావలయును. వ్రాసినదానిని పుస్తకము దిద్దజాలదు. కావున మన గ్రంథాలయములు మంచి తెలుగు చిత్రముల చిత్రానువాదములను సేకరించి యుంచవలయును. నెలకొక దినమున యువకు లచట గూడి, ఒకరి వ్రాతను మఱియొకరు చదివి నిర్దాక్షిణ్యముగ దిద్దవలయును. దీనికి ధనము స్వల్పము, పరిచయ మనవసరము. బీదవాని బిడ్డకు ఈ విద్య అందుటకు అంతకంటె దగ్గఱి త్రోవ నాకు కనబడదు.