ఆడేవాళ్ళు, ఆడించేవాళ్ళు



మన పిల్లలు గ్రౌండ్‌లో పరిగెత్తితే చప్పట్లు కొట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఈల మన చేతికొచ్చి, ఎవరు ఆడాలో ఎవరు బెంచీ మీద కూర్చోవాలో మనం చెప్పడం మొదలుపెడితేనే గొడవ. ఆడటానికి ఒళ్ళుంటే చాలనుకుంటారు. ఆడించడానికి బుర్ర కావాలి, అది మనకుందంటే ఒప్పుకోరు. ఈసారి ఈ సంగతిని అమెరికా నల్లజాతి బాస్కెట్‌బాల్ కోచ్ డాన్ స్టేలీ జీవితం నుంచి మాట్లాడుకుందాం.

స్టేలీ 1970లో పుట్టింది. ఉత్తర ఫిలడెల్ఫియాలో పేదల కోసం ప్రభుత్వం కట్టిన ఇళ్ళలో, మగపిల్లలతో పోటీపడి ఆడుతూ పెరిగింది. తల్లి ఎస్టెల్ సౌత్ కరోలినా నుంచి వలస వచ్చి, ఇతరుల ఇళ్ళు శుభ్రం చేసి పిల్లల్ని పెంచింది. ఐదడుగుల ఆరంగుళాల ఈ అమ్మాయి వర్జీనియా యూనివర్సిటీ జట్టుని 1990, 91, 92లో వరసగా జాతీయ సెమీఫైనల్స్‌కి తీసుకెళ్ళింది. 1991 ఫైనల్లో జట్టు ఓడిపోయినా అత్యుత్తమ క్రీడాకారిణి గుర్తింపు ఆమెకే దక్కింది. చదువు అయ్యేసరికి దేశంలో ఆడవాళ్ళకి ప్రొఫెషనల్ లీగే లేదు. విదేశాలకి వెళ్ళి ఆడింది. 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఏథెన్స్ ప్రారంభోత్సవంలో అమెరికా జెండా ఆమె చేతిలోనే ఉంది.

ఇంతవరకూ అందరూ మెచ్చుకునే కథే. నాకు కావాల్సింది ఆ తర్వాతిది.

2000లో టెంపుల్ యూనివర్సిటీ కోచ్‌గా రమ్మంది. అది తను పెరిగిన ఉత్తర ఫిలడెల్ఫియాలోనే ఉంది. కోచింగ్ మీద ఆసక్తి లేదని మొదట అంది. ఒప్పుకున్నాక 2006 దాకా వేసవిలో డబ్ల్యూఎన్‌బీఏలో ఆడుతూ, మిగతా కాలం కోచింగ్ చేసింది. ఎనిమిదేళ్ళలో ఆరుసార్లు జట్టుని జాతీయ టోర్నమెంట్‌కి చేర్చింది.

ఆ కుర్చీ చరిత్ర కూడా తెలుసుకోవాలి. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ వివక్ష కూడదన్నది దాని సారం. అంతకుముందు కాలేజీ మహిళా జట్ల కోచ్‌లలో నూటికి 90 మందికి పైగా ఆడవాళ్ళే. చట్టం వచ్చాక ఆడే అమ్మాయిలు పెరిగారు, నిధులొచ్చాయి, జీతాలొచ్చాయి. జీతాలతోపాటు మగవాళ్ళొచ్చారు. ఆడవాళ్ళ వాటా సగం కంటే దిగువకి పడిపోయింది. నల్లజాతి అమ్మాయిలు కోర్టులో కనిపించినంతగా కోచ్ కుర్చీలో కనిపించరు. చాకిరీగా ఉన్నన్నాళ్ళు ఆ పనికి ఎవరూ అర్హత అడగరు. హోదా వచ్చిన రోజునే ‘మెరిట్’ గుర్తొస్తుంది. ఈ మాట మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

2008లో స్టేలీ సౌత్ కరోలినా యూనివర్సిటీకి వెళ్ళింది. తల్లి వదిలి వచ్చిన రాష్ట్రం అది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ యూనివర్సిటీ మొదటిసారి నల్లజాతి విద్యార్థుల్ని చేర్చుకున్నది 1963లో. ఆమె వెళ్ళేనాటికి ఆ ఊళ్ళోని శాసనసభ ఆవరణలో బానిసత్వం కోసం పోరాడిన కాన్ఫెడరేట్ల జెండా ఎగురుతూనే ఉంది. 2015లో గాని దించలేదు. తొలి సీజన్‌లో 10 గెలుపులు, 18 ఓటములు. ఆ జట్టే 2017లో, 2022లో, 2024లో జాతీయ ఛాంపియన్ అయింది. 2024లో ఆడిన 38 ఆటలూ గెలిచింది. కాలేజీ బాస్కెట్‌బాల్ అగ్రశ్రేణిలో ఒకటికి మించి టైటిళ్ళు గెలిచిన తొలి నల్లజాతి కోచ్ ఆమె. మగవాళ్ళని కలుపుకున్నా ఆమే మొదలు.

జీతం దగ్గరా తగ్గలేదు. 2021లో పురుషుల జట్టు కోచ్‌తో సమానంగా ఇవ్వాలని పట్టుబట్టి ఏడేళ్ళకి 2 కోట్ల 24 లక్షల డాలర్ల ఒప్పందం సాధించింది. ‘అవకాశమిచ్చారు, అదే పదివేలు’ అని ఊరుకోలేదు.

ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. గెలిచిన జట్టు బాస్కెట్ నెట్‌ని కత్తిరించి పంచుకోవడం అక్కడి ఆనవాయితీ. 1999లో టైటిల్ గెలిచిన తొలి నల్లజాతి మహిళా కోచ్ కరోలిన్ పెక్ తన దగ్గరున్న ముక్కని స్టేలీకిచ్చి, నువ్వు గెలిచిన రోజు తిరిగివ్వమంది. 2017లో గెలిచాక స్టేలీ తన నెట్‌ని ముక్కలు చేసి నల్లజాతి మహిళా హెడ్ కోచ్‌లకి పంపించింది. తనొక్కతే అక్కడికి చేరితే చాలనుకోలేదు.

కులం, జాతి ఒకటి కావు. కానీ అదే 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ పుట్టినప్పుడు పేరు బ్లాక్ పాంథర్స్ నుంచే తెచ్చుకుంది. వాళ్ళ అనుభవాన్ని చదువుకోవడం మనకి కొత్త కాదు.

నేను పాఠం చెప్పే తెలుగు సాహిత్యంలోనూ ఇదే వరస. సెమినార్‌కి మనల్ని పిలిచేది కవిత చదవమని. మన బాధ ‘అనుభవం’, దానిమీద వాళ్ళు చెప్పేది ‘సిద్ధాంతం’. సిలబస్ కమిటీలో మన పేరు వచ్చేసరికి సీనియారిటీ, ప్రమాణాలు ముందుకొస్తాయి. కవిత రాసే చేతికి పాఠం ఏది ఉండాలో తేల్చే హక్కు కూడా ఉందని మనం అడగాలి.

హాస్టళ్ళలో ఉండి ఆడుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పతకం తర్వాత ఆగిపోకండి. పాటియాలా జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉంది, దాని గురించి తెలుసుకోండి. రీసెర్చ్ చేస్తున్నవాళ్ళు బోర్డులో, కమిటీలో చోటు అడగండి. చోటు దొరికాక, మీ తర్వాత ఎవరిని కూర్చోబెడతారో ఆ రోజునుంచే వెతకడం మొదలుపెట్టండి.

జై భీమ్.